గులాబీ రంగు తిరిగిన గోడ

మా పెళ్లయి నలభై మూడు రోజులు. లెక్క పెట్టకూడదనే అనుకుంటాను. పొద్దున్నే ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనబడగానే లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటాను. పన్నెండున్నరకి ల్యాబుకి తాళం వేసి, క్యారియర్ పట్టుకుని, రెండు వీధులు దాటి కోటకి వెళ్తాను. మా ఆయనా మామయ్యా అక్కడ మేస్త్రీలు. మా కోట ఊరి బయట ఏ గుట్ట మీదో లేదు. ఊరి నడిబొడ్డున ఉంది. ఒకపక్క బట్టల కొట్లు, ఒకపక్క బ్యాంకు, చుట్టూ గుండ్రంగా తిరిగే బస్సులు, వాటి మధ్య ఎవరితోనూ పనిలేనట్టు కూర్చుని ఉంటుంది. సిమెంటు పని తెలిసిన మేస్త్రీలు వీధికి పదిమంది దొరుకుతారు. సున్నాన్ని నెలల తరబడి గోతిలో మాగబెట్టి, ఇసుకా ఇటుకపొడీ కలిపి, రాతి గానుగలో వెన్నలా నూరి, దానితో రాయి కట్టే మేస్త్రీలు మాత్రం ఊరంతా గాలించినా మా ఇంట్లోనే ఉన్నారు.

నేను వెళ్లేసరికి మా ఆయన పరంజా మీంచి దిగుతాడు. జుట్టు తెల్లగా, కనుబొమలు తెల్లగా, నవ్వితే పళ్లు కూడా ఆ రంగులో కలిసిపోతాయి. నన్ను ఓ ముసలాయనకి కట్టబెట్టారని రోజూ అంటాను. రోజూ అదే మాట, రోజూ ఇద్దరం నవ్వుతాం. కొన్నాళ్లకి ఈ హాస్యం అరిగిపోతుందని అత్తయ్య హెచ్చరించింది. ఇంకా అరగలేదు.

ఆ రోజుల్లో నవ్వనిది మామయ్య ఒక్కడే. ఎందుకో చెప్పాలంటే ముందు కోట గేటు గురించి చెప్పాలి.

గేటుకి ఎదురుగా నిలబడితే అటొకటి ఇటొకటి రెండు గోడలు. కుడిపక్క గోడ చూడగానే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నల్లబడిన పెద్ద రాళ్లు, సందుల్లో మీగడ రంగు సున్నం, రాయికీ రాయికీ మధ్య వెంట్రుక వాసి తేడా కూడా కనిపించదు. దాని ముందు 'ఎనిమిది వందల ఏళ్ల నాటి మూలగోడ' అని బోర్డు. బయటి ఊళ్లవాళ్లు వచ్చి ఆ బోర్డు పక్కనే నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. పెళ్లయిన వారానికి మేమూ తీయించుకున్నాం. ఎడమ గోడకి బోర్డు లేదు. సందుల నిండా బూడిద రంగు సిమెంటు మెత్తి ఉంటుంది. చూడటానికి పాత స్కూలు ప్రహరీలా ఉంటుంది. ఈమధ్యే దాని మీద పన్నెండు ఎర్ర ఇంటూ గుర్తులు పడ్డాయి.

బస్సులకి దారి వెడల్పు చెయ్యాలట. కోటలో వందేళ్లు దాటినదాన్ని ముట్టుకోకూడదని రూలు ఉంది. ఎడమ గోడ ముప్పై ఏళ్ల కిందటి మరమ్మతు అని రికార్డులో ఉంది కాబట్టి దాన్ని తీసేయొచ్చు. గురువారం రోడ్డు ఇంజనీరు వచ్చి ఆఖరిసారి చూసి సంతకం పెడతాడు. ఆ పై సోమవారం మిషన్లు వస్తాయి.

ఆ గుర్తులు పడ్డ రోజునుంచి మామయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. రోడ్ల ఆఫీసుకి రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఎడమ గోడే అసలు పాతదని చెప్పాడట. కాగితం ఉందా అని గుమాస్తా అడిగాడట. లేదు. అయితే నమస్కారం అన్నాడట గుమాస్తా.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంజనీరు రావడానికి మూడు రోజులుందనగా, సోమవారం సాయంత్రం టీ తాగుతూ, కోట గురించి ప్రభుత్వం వేసిన చిన్న పుస్తకం పట్టుకుని అత్తయ్యకి పైకి చదివి వినిపిస్తున్నాను. కోట మొదట కట్టినవాళ్ల సంగతి, రెండుసార్లు ముట్టడి, ఆ తర్వాత ధాన్యం కొట్టుగా, జైలుగా, గోదాంగా మారిన వైనం అన్నీ ఉన్నాయి. పన్నెండో పేజీలో కుడి గోడ గురించి ఉంది. 'నాటి శిల్పుల నైపుణ్యానికి ఈ గోడ చెక్కుచెదరని సాక్ష్యం. ఈ పనితనం నేడు పూర్తిగా అంతరించింది' అని నేను చదవగానే మా ఆయనకి టీ పొలమారింది. దగ్గుతో పాటు నవ్వు. మామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇంకోసారి చదువమ్మా," అంది అత్తయ్య. "మీ మామయ్యకి ఆ పేజీ కంఠతా వచ్చు. అయినా వింటాడు."

అప్పుడు గుట్టు బయటపడింది.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట పెద్ద వానలకి కుడి గోడ మొత్తం కూలింది. అప్పుడు మామయ్యకి పాతికేళ్లు, కొత్తగా పెళ్లి. కూలిన ప్రతి రాయికీ బొగ్గుతో నంబరు వేసి, మైదానంలో వరసగా పరిచి, ఏ రాయి ఎక్కడినుంచి పడిందో అక్కడే మళ్లీ పెట్టి, పద్నాలుగు నెలల్లో కట్టాడు. సున్నం నూరింది అత్తయ్య. ఆవిడ కూడా ఆ పద్నాలుగు నెలల లెక్క నాలాగే వేళ్ల మీద చెప్పింది. ఎడమ గోడ అసలు కూలనేలేదు. అదే ఎనిమిది వందల ఏళ్ల నాటిది. కోట గోదాంగా ఉన్న కాలంలో చెమ్మ దిగుతోందని ఎవరో సందుల్లో సిమెంటు మెత్తారు, అంతే. మరమ్మతు కాగితంలో 'గేటు పక్క గోడ' అని రాశారు గానీ ఏ పక్కో రాయలేదు. ఆరేళ్ల తర్వాత పురావస్తు శాఖనుంచి ఒక యువ అధికారి వచ్చి రెండు గోడలూ చూసింది. ఒకటి పాత రాయి, పాత సున్నం. ఇంకోటి సిమెంటు. ఎవరైనా ఏమనుకుంటారు? ఆవిడా అదే అనుకుంది. ఆ పుస్తకం రాసింది ఆవిడే.

అప్పుడే చెప్పొచ్చు కదా మామయ్యా అన్నాను.

చెప్పాడట. ఆవిడ వెనకాల ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారట. ఇలాంటి గోడ ఈ రోజుల్లో కట్టేవాడెవడు మేస్త్రీ, పొద్దున్నే ఏం తాగావు అన్నారట. మామయ్యకి ముందు అవమానం అనిపించింది. ఇంటికొచ్చి పడుకున్నాక, ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఈ జన్మలో ఎవరూ ఇవ్వరని తోచింది. దాంతో నోరు మూసుకున్నాడు. పాతికేళ్లుగా ఆ బోర్డు ముందునుంచి నడిచిన ప్రతిసారీ లోలోపల మురిసిపోతూ వచ్చాడు. జనం ఆ గోడని తడిమి ఆహా అంటుంటే పక్కనే నిలబడి బీడీ వెలిగించుకునేవాడు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఏమిటంటే, మొన్న ఆఫీసుకి వెళ్లినప్పుడు ఎడమ గోడ పాతదని చెప్పాడు గానీ, కుడి గోడ తనదని చెప్పలేదు. నోరు రాలేదట.

"రెండూ పాతవే అనుకుని వదిలేస్తారులే అనుకున్నాను," అన్నాడు కిటికీతో.

"బాగుంది," అంది అత్తయ్య. "మీ మురిపెం కోసం ఎడమ గోడ కట్టిన ఆ పెద్దాయన పని కూలిపోవాలా? ఆయనకీ ఓ పెళ్లాం ఉండే ఉంటుంది. ఆవిడా సున్నం నూరే ఉంటుంది."

మామయ్య ఆ పూట కూడా తినలేదు.

రాత్రంతా నాకు అదే ధ్యాస. మర్నాడు ల్యాబులో రెండో ఏడాది పిల్లలు టైట్రేషన్ చేస్తున్నారు. ఒకమ్మాయి ఫ్లాస్కులో చుక్క ఎక్కువ పడి, ద్రావణం గులాబీ రంగుకి తిరిగింది. అయ్యో మేడం అని ఆ పిల్ల, అబ్బ అని నేను. అందరూ నావైపు చూశారు.

ఫినాఫ్తలీన్ అని ఒక మందు ఉంటుంది, చూడటానికి మంచినీళ్లలా. తాజా సున్నం మీద చుక్క పడితే గులాబీ రంగు వస్తుంది. ఏళ్ల తరబడి గాలి పీల్చుకుని మళ్లీ రాయిగా మారిన సున్నం మీద పడితే రంగూ రాదు, రుచీ రాదు. గోడలోకి గాలి నత్తలా పోతుంది. ముప్పై ఏళ్లకి నాలుగు వేళ్ల లోతు దాటితే గొప్ప. ఎనిమిది వందల ఏళ్లకి జానెడు దాటి పోతుంది. అంటే రెండు గోడల సందుల్లోనూ జానెడు లోతున చూస్తే, ఏది పెద్దదో ఏది చిన్నదో గోడలే చెప్పేస్తాయి.

మా విభాగం పెద్ద మేడంకి సంగతంతా చెప్పి ఒక సీసా తెచ్చుకున్నాను. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా మా ఆయన అరచేతిలో చల్లాను. గోళ్ల చుట్టూ, గీతల్లో, ఎక్కడ సున్నం ఉంటే అక్కడల్లా గులాబీ రంగు. చేతిలో చెట్టు మొలిచినట్టుంది. ఆయన నోరు వెళ్లబెట్టి, ఇంకో చెయ్యి కూడా చాపాడు. తర్వాత పెరట్లో ముత్తాతల నాటి నీళ్లతొట్టి అంచునుంచి ఊడిన సున్నం పెళ్ల మీద చల్లాను. ఏమీ లేదు, తడిసింది అంతే. అత్తయ్య ఆ పెళ్లని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మామయ్య ముందు పెట్టింది.

"పాతికేళ్లు మురిసింది చాలు," అంది. "ఇక నోరు తెరవండి."

మామయ్య ఆ పెళ్లని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, రంగు ఎంతసేపు నిలుస్తుంది అమ్మాయ్ అని అడిగాడు. కాసేపు నిలుస్తుందన్నాను. ఆ కాసేపు చాలన్నాడు. కంచం తెమ్మన్నాడు.

బుధవారం నేనూ మా ఆయనా పురావస్తు శాఖ ఆఫీసుకి వెళ్లాం. ఆ యువ అధికారి ఇప్పుడు జుట్టు నెరిసిన పెద్ద అధికారి. బల్ల నిండా ఫైళ్లు, కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. నేను చెబుతున్నంతసేపూ మా ఆయన గోడ మీది గడియారం వైపే చూస్తూ చెమటలు తుడుచుకున్నాడు. ఆవిడ పన్నెండో పేజీ తప్పు అని చెప్పడానికి మేమొచ్చాం కదా. ఆవిడ కోప్పడలేదు. నమ్మనూ లేదు. ఫినాఫ్తలీన్ సంగతి తనకీ తెలుసనీ, కుడి గోడ మీద అనుమానం రాలేదు కాబట్టి ఎప్పుడూ ఉలి పెట్టనివ్వలేదనీ చెప్పింది. రేపు ఇంజనీరు పదింటికి వస్తాడు, మీకు తొమ్మిదిన్నరకి టైం ఇస్తాను, ఎక్కడ చూడాలో నేనే చెబుతాను అంది.

గురువారం పొద్దున మేం నలుగురం గేటు దగ్గర నిలబడ్డాం. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుంది. మామయ్య సన్నటి ఉలిని రెండుసార్లు తుడిచాడు. తీరా చూస్తే ఇంజనీరు కూడా తొమ్మిదిన్నరకే దిగాడు. చేతిలో ఫోను, ముఖంలో తొందర. తొలగించాల్సిన గోడని చూడ్డానికి కెమిస్ట్రీ ఎందుకండీ అన్నాడు.

పెద్ద అధికారి ముందు కుడి గోడలో భుజం ఎత్తున ఒక సందు చూపించింది. మామయ్య ఉలి ఆనించాడు. మొదటి దెబ్బకి చెయ్యి ఆగింది. తన గోడ మీద ఆయన ఎన్నడూ ఉలి పెట్టలేదు. అత్తయ్య గొంతు సవరించుకుంది. మామయ్య కొట్టాడు. అది ఎంత గట్టిదంటే జానెడు లోతుకి పోవడానికి పావుగంట పట్టింది. చెమట తుడుచుకుంటూ కూడా, చూశావా ఎంత గట్టిగా ఉందో అన్నట్టు కొడుకు వైపు ఓ చూపు చూశాడు. నేను సీసా ముక్కు లోపలికి పెట్టి చల్లాను.

ముందు ఏమీ లేదు. తర్వాత లోతులోంచి, లోపలెవరో దీపం పెట్టినట్టు, గులాబీ రంగు పైకి తేలింది.

పెద్ద అధికారి కళ్లజోడు పెట్టుకుని ఆ రంధ్రంలోకి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ఇంకో చోట చూపించింది. అక్కడా గులాబీయే.

"సరే, ఇది కూడా కొత్తదే అని తేలింది," అన్నాడు ఇంజనీరు. "మరి ఎడమది పాతదని ఎక్కడ తేలింది? అక్కడ కూడా చల్లండి."

ఎడమ గోడలో ఆయనే ఒక ఇంటూ గుర్తు కింద వేలు పెట్టి చూపించాడు. మామయ్య రెండు వేళ్ల లోతు చెక్కేసరికే ఇంజనీరు చాలు, చల్లండి అన్నాడు. నేను చల్లాను.

గులాబీ రంగు.

ఇంజనీరు నవ్వి, ఫోను జేబులో పెట్టుకుని, పెన్ను తీశాడు. నేను చదువుకున్న కెమిస్ట్రీ అంతా బుర్రలోంచి ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. మందు తప్పా, లెక్క తప్పా, మామయ్యే పొరబడ్డాడా? అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామయ్య ఒక్కడే కంగారు పడలేదు. రంధ్రంలోంచి రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఇంజనీరు ముందు చెయ్యి చాపాడు.

"ఇది సిమెంటండీ. గోదాంవాళ్లు మెత్తింది. తొడుక్కున్న చొక్కాని చూసి మనిషి వయసు కట్టకండి. లోపలికి పోనివ్వండి."

అప్పుడు నా బుర్ర వెనక్కి వచ్చింది. సిమెంటులోనూ సున్నం ఉంటుంది, దానికీ రంగు వస్తుంది. మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలిసిన సంగతి. అది చెప్పాల్సింది నేను. చెప్పింది ఏడో క్లాసు దాటని మామయ్య.

పెద్ద అధికారి కానివ్వమంది. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని సిమెంటుని పెచ్చులు పెచ్చులుగా లేపాడు. ఈలోగా గేటు దగ్గర జనం పోగయ్యారు. బట్టల కొట్లవాళ్లు, బ్యాంకు కాపలాదారు, బస్సు దిగినవాళ్లు. ఏమిటంటే గోడకి వైద్యం చేస్తున్నారని ఎవరో అన్నారు. నాలుగు వేళ్ల లోతున సిమెంటు అయిపోయింది. దాని వెనక మీగడ రంగు సున్నం. ఉలి చప్పుడే మారిపోయింది, కంచు మీద కొట్టినట్టు ఖణేలుమంది. మామయ్య చెయ్యి నెమ్మదించింది. జానెడు లోతుకి వెళ్లి, ఊది, పొడి అంతా దులిపి, నాకు చోటిచ్చాడు.

చల్లాను. సున్నం తడిసింది. అంతే. మేమందరం ఆ రంధ్రం వైపు చూస్తుంటే అది మంచినీళ్లు తాగినట్టు తాగి ఊరుకుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. రంగు లేదు.

పెద్ద అధికారి మూడు చోట్ల చూపించింది, పైన ఒకటి, నేలకి దగ్గరగా ఒకటి, గేటు మూల ఒకటి. మూడు చోట్లా సిమెంటు దాటగానే రంగు లేదు. ఇంజనీరు ప్రతిసారీ వంగి చూశాడు. మూడోసారి లేచేటప్పుడు పెన్నుకి మూత పెట్టాడు. రెండు గోడలూ ముట్టుకోకుండా దారిని రోడ్డు అవతలి పక్కకి జరపొచ్చా అని పెద్ద అధికారి అడిగితే, జరిపి తీరాలి కదండీ ఇప్పుడు, అక్కడ పార్కింగు తీసేస్తే సరిపోతుంది అన్నాడు. అంత సులువుగా అన్నాడు. ఆ ఎర్ర గుర్తులు వేసిన పనివాళ్లని ఫోనులో పిలిచి, తుడిచేయమని అక్కడే చెప్పాడు.

పెద్ద అధికారి మాత్రం కుడి గోడ ముందుకి వెళ్లి నిలబడింది. మధ్యలో గులాబీ చుక్కలు ఇంకా మెరుస్తున్నాయి. చాలాసేపు ఆ రాళ్లని చూసి, మామయ్యని పిలిచింది.

"ఇది మీరు కట్టారా?"

మామయ్య ఉలి చేతులు మార్చుకున్నాడు. "నేనూ మా ఆవిడా అండీ."

"పాతికేళ్లుగా విద్యార్థుల్ని తీసుకొచ్చి ఈ గోడ చూపిస్తున్నాను. ఇలా కట్టేవాళ్లు ఇక లేరని చెబుతున్నాను."

"ఉన్నారండీ," అన్నాడు మామయ్య.

అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. కానీ ఆ గేటు దగ్గరున్న వాళ్లందరికీ వినబడింది. బ్యాంకు కాపలాదారు చప్పట్లు కొట్టాడు. వెనకే బట్టల కొట్లవాళ్లు అందుకున్నారు. ఏం జరిగిందో తెలియని బస్సు జనం కూడా కొట్టారు. పెద్ద అధికారి అందరి ముందూ అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని, తన పుస్తకంలో పన్నెండో పేజీ తప్పు అనీ, ఆ తప్పు చేయించినందుకు ఆవిడకి నమస్కారమనీ అంది. ఇస్త్రీ చీర కట్టుకున్న మా అత్తయ్య, ఇంట్లో అందరి నోరూ మూయించే మా అత్తయ్య, ఒక్క మాట పెగలక నిలబడిపోయింది. మా ఆయన నన్ను భుజాల కింద పట్టుకుని, అంతమంది ముందు, గాల్లోకి ఎత్తేశాడు. నా చీర నిండా సున్నం. నేను దించమనలేదు.

ఎడమ గోడ సిమెంటంతా తీసి మళ్లీ సున్నం పెట్టే పని మామయ్యకే ఇచ్చారు. రెండేళ్ల పని. ఆదివారం ల్యాబు లేదు కాబట్టి అత్తయ్యతో పాటు నేనూ వెళ్లాను. నాకు ఒక చిన్న ఉలి ఇచ్చి, ఎలా పట్టుకోవాలో మా ఆయన నా వెనక నిలబడి అవసరమైన దానికంటే ఎక్కువసేపు నేర్పించాడు. మధ్యాహ్నానికి రెండు బారల మేర సిమెంటు ఊడింది. ఎనిమిది వందల ఏళ్ల సున్నం ఎండలోకి వచ్చింది. మామయ్య ఒక్కో సందూ వేలితో తడుముతూ, బాగుంది, బాగుంది అనుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగిపోయాడు. వంగి చూశాడు, గోటితో గీకి చూశాడు. భక్తితో ఏదో అంటాడని మేం ముగ్గురం పని ఆపాం.

"వీడు ఇక్కడ తొందరపడ్డాడు," అన్నాడు. "రాయి సరిగ్గా తడపలేదు. తాపీ ఇలా తే, నేను సరిచేస్తాను."